క్లబ్‌హౌస్ తర్వాత చూద్దాం, ముందు ఎస్‌టీపీ (మురుగు నీటి శుద్ధి ప్లాంటు) గది తాళం తీయమనండి: అపోహలు - వాస్తవాలు

ఫ్లాటు చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది అడుగు రేటు. ఆ తర్వాత ఫేసింగ్, పార్కింగ్, క్లబ్‌హౌస్. ఏప్రిల్లో ట్యాంకర్ల బిల్లు ఎంతొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. అమ్మిపెట్టే మేమూ అడగందే చెప్పం, ఒప్పుకోవాల్సిందే. అదే ఫ్లాటు ఐదేళ్లకు రీసేల్‌కి వస్తే మాత్రం బేరం తెగేది నీళ్ల దగ్గర, చెత్త దగ్గర, అసోసియేషన్ లెక్కల దగ్గరే. హైదరాబాద్ చుట్టుపక్కల సైట్లలో రోజూ వినబడే మాటలు కొన్ని తీసుకుని వాటి లోగుట్టు విప్పుతున్నాం.

అపోహ: ‘బ్రోచర్ మీద గ్రీన్ బిల్డింగ్ ముద్ర ఉంది, ఇంకేం చూడక్కర్లేదు’

ఆ ముద్ర ఎప్పటిదో చూడండి. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ (ఐజీబీసీ) 2001లో మొదలైంది, దాని కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. అది సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని స్థాయిలు ఇస్తుంది. అయితే అమ్మకాల టైములో బ్రోచర్ మీద కనిపించేది చాలాసార్లు ప్రీ-సర్టిఫికేషన్. అంటే డ్రాయింగులు, కడతామన్న హామీలు చూసి ఇచ్చింది. కట్టిన బిల్డింగును చూసి ఇచ్చే ఫైనల్ సర్టిఫికెట్ వేరు. కాబట్టి అడగాల్సినవి మూడు: ప్రీ-సర్టిఫికేషనా, ఫైనలా? తేదీ ఏది? మొత్తం ప్రాజెక్టుకా, ఒక్క టవరుకా? ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చి రెండేళ్లయినా ఇంకా ప్రీ-సర్టిఫికేషనే చూపిస్తున్నారంటే మధ్యలో ఏదో తగ్గించి ఉంటారని అనుమానించడంలో తప్పులేదు.

అపోహ: ‘ఇంకుడు గుంత ఉంది, నీటికి ఢోకా లేదు’

దీన్ని కాగితం మీద లెక్కేసి చూడాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది. 500 చదరపు మీటర్ల డాబా ఉన్న 20 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు తీసుకోండి. ఆవిరి, చిందు కింద ఐదో వంతు తీసేస్తే చేతికొచ్చేది 3,20,000 లీటర్లు. ఇప్పుడు వాడకం: ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున రోజుకు 10,800 లీటర్లు. అంటే ఏడాది మొత్తం డాబా మీద పడ్డ వాన దాదాపు నెల రోజుల వాడకం. వాన నీరు పట్టడం దండగని కాదు. 10,000 లీటర్ల ట్యాంకర్లయితే 32 తగ్గుతాయి, అదేం చిన్న సంగతి కాదు. ‘ఢోకా లేదు’ అన్న మాటే అబద్ధం.

ఇక గుంత సంగతి. రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత 8 ఘనపు మీటర్లు. రాళ్లు, కంకర నింపాక మధ్య ఖాళీల్లో పట్టేది దాదాపు 40 శాతం, అంటే 3,200 లీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన దంచితే ఆ డాబా మీంచి 20,000 లీటర్లు దిగుతాయి. ఒక్క గుంత పది నిమిషాల్లో నిండి మిగతా నీళ్లన్నీ రోడ్డు మీదికి పోతాయి. అందుకే డాబా నీటిని ముందు ఫిల్టర్ మీదుగా సంపులోకి, సంపు నిండాక గుంతలోకి పంపే ఏర్పాటు మేలు. సీజన్లో మొదటి వాన నీళ్లు దుమ్ము, పావురాల రెట్టతో వస్తాయి కాబట్టి వాటిని బయటికి వదిలే వాల్వు పైపు అడుగున ఉండాలి.

గుంతలు చెడిపోయేది ఎక్కువగా మూడు రకాలుగా. ఒకటి, మేస్త్రీ అలవాటు కొద్దీ గోడలకు, అడుగుకు సిమెంటు పూత పూసేస్తాడు. అప్పుడది ఇంకుడు గుంత కాదు, తొట్టి. రెండు, పొరలు తారుమారవుతాయి. అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో 40, 20 మిల్లీమీటర్ల కంకర, పైన దొడ్డు ఇసుక ఉండాలి. మూడోది అందరూ మరిచేది: సన్న ఒండ్రు ఇసుక మీద పేరుకుని మూత వేసినట్టు బిగుసుకుంటుంది. ఏటా మేలో పై ఇసుక తీసి, కడిగి, మళ్లీ పోయాలి. వాన వెలిసి ఒక రోజు గడిచినా గుంతలో నీళ్లు నిలిచే ఉన్నాయంటే అది మూసుకుపోయినట్టే. కార్లు కడిగిన నీళ్లు మాత్రం గుంతలోకి వెళ్లకూడదు. వెళ్తే ఆ నూనె, సబ్బు బోరులోంచి మళ్లీ మనకే వస్తాయి.

సైటు విజిట్ అక్టోబరులో పెట్టుకుంటే అన్ని బోర్లూ బంగారమే. నడి వేసవిలో వెళ్లి చూడండి. అది కుదరకపోతే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు రాసే ట్యాంకర్ల రిజిస్టరులో ఏప్రిల్, మే పేజీలు తిప్పండి.

అపోహ: ‘ఎస్‌టీపీ ఉంటే కంపు, ఖర్చు. లేని చోటే నయం’

కంపు కొట్టేది నడవని ఎస్‌టీపీ. వంద ఫ్లాట్ల కమ్యూనిటీ రోజుకు 54,000 లీటర్లు వాడితే అందులో 80 శాతం, అంటే 43,000 లీటర్ల పైన మురుగుగా వస్తుంది. వాడకంలో మనిషికి 45 లీటర్లు ఫ్లష్‌కే పోతాయి. శుద్ధి చేసిన నీటిని ఫ్లష్‌కి మళ్లిస్తే రోజుకు 18,000 లీటర్ల మంచినీళ్లు మిగులుతాయి. మొక్కలకు పోసేది దానికి అదనం.

లోపలికి వెళ్తే చూడాల్సింది గాలి పంపే తొట్టి. నీళ్లు కాఫీ రంగులో ఉండి సన్నటి బుడగలు తొట్టంతా సమానంగా రావాలి, మట్టి వాసనలాంటిది వస్తుంది. నీళ్లు నల్లగా మారి కుళ్లిన గుడ్ల వాసన వస్తోందంటే గాలి సరిపోవడం లేదు. కారణం చాలాసార్లు కరెంటు బిల్లు. రాత్రి పూట బ్లోయర్లు ఆపేస్తారు. మురుగును తినే బ్యాక్టీరియాకు గాలి అందక చచ్చిపోతుంది. మళ్లీ కుదురుకోవడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఎస్‌బీఆర్ (ఒకే తొట్టిలో దఫాలుగా శుద్ధి చేసే) తరహా ప్లాంటయితే ఆ నీళ్లు లీటరు జాడీలో పట్టి అరగంట కదపకుండా ఉంచమనండి. అడుగున మడ్డి పావు లీటరు దాకా పేరుకుని, మీద నీళ్లు తేటగా కనిపిస్తే ప్లాంటు బాగున్నట్టు.

కొత్తగా హ్యాండోవర్ అయిన చోట ఇంకో చిక్కు. వంద ఫ్లాట్లకు కట్టిన ప్లాంటుకు ఇరవై ఇళ్ల మురుగే వస్తే బ్యాక్టీరియాకు తిండి చాలదు, ప్లాంటు నిలకడకు రాదు. ఇది బిల్డర్ మోసం కాదు, జనం నిండేకొద్దీ సర్దుకుంటుంది.

మంచినీళ్లకు, శుద్ధి చేసిన నీళ్లకు వేర్వేరు పైపులైన్లు ఉన్న చోట ఒక పరీక్ష తప్పక చేయించండి. శుద్ధి చేసిన నీటి ట్యాంకు వాల్వు మూయించి ఫ్లాట్లోకి వెళ్లండి. ఫ్లష్ ట్యాంకు మాత్రమే నిండడం ఆగాలి. వంటింటి కుళాయి కూడా ఆగిందంటే ప్లంబర్ ఎక్కడో లైన్లు కలిపేశాడు. ఆ నీళ్లతోనే పప్పు ఉడుకుతోందన్నమాట.

అపోహ: ‘చెరువు వ్యూ అంటే ప్రకృతి ఒడి’

చెరువుకు ఎంత దూరం అన్నదే అసలు ప్రశ్న. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్. అక్కడ ఇళ్లు కట్టకూడదు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు వచ్చే చోటు. మేలో ఎండిన చెరువు అంచు నుంచి కొలిచి ‘వంద మీటర్లుంది సార్’ అనేవాళ్ల మాట నమ్మొద్దు. సర్వే నంబరు తీసుకుని హెచ్‌ఎండీఏ పెట్టిన చెరువుల మ్యాపుతో, ఊరి నక్షాతో సరిచూడాలి. రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు లోన్ ఇచ్చింది అన్నవి బఫర్ లేదనడానికి రుజువు కావు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఈ సంగతి అందరికీ తెలిసింది గానీ, 2020 అక్టోబరు వరదల్లో మునిగిన కాలనీలకు అంతకు ముందే తెలిసొచ్చింది.

కాగితాలతో పాటు కాళ్లకూ పని చెప్పండి. పాత కాంపౌండు గోడల మీద నీటి చారలున్నాయా? పక్క ఇళ్లవాళ్లు గడపలు ఎత్తు చేసుకున్నారా? సెల్లార్ ర్యాంపు మొదట్లో రోడ్డు కంటే ఎత్తుగా దిమ్మ ఉందా? లేకపోతే రోడ్డు మీది నీళ్లన్నీ మీ కార్ల మీదికే. పొలాల పాత పేర్లలో కుంట, కట్ట, వాగు అన్న మాటలు వినబడితే ఇంకోసారి ఆలోచించాలి. ఊళ్లో పెద్దవాళ్లకు ఈ పేర్లన్నీ నోటికి ఉంటాయి.

అపోహ: ‘ఈస్ట్ ఫేసింగ్ అయితే ఇల్లు చల్లన’

అపార్ట్‌మెంటులో ఫేసింగ్ అంటే సింహద్వారం దిక్కు. ఆ ద్వారం తెరుచుకునేది కారిడార్‌లోకి. బాల్కనీ, హాలు కిటికీలు ఎదుటి వైపు, అంటే పడమటకు పడే ఫ్లాట్లు బోలెడు. అదనంగా డబ్బు పోసి కొన్న ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాటులో మే నెల మధ్యాహ్నం మూడింటికి హాల్లో కూర్చోండి, తెలిసిపోతుంది. సాయంత్రపు ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది కాబట్టి సజ్జా పెద్దగా ఆపదు. బాల్కనీకి బయటి వైపు వెదురు తడికలో, ఎదురుగా చెట్టో కావాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. వాస్తు మీ ఇష్టం. కిటికీల దిక్కు మాత్రం ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూసుకోండి.

అపోహ: ‘డాబా పై ఫ్లాటువాళ్లది, సోలార్ వాళ్లు పెట్టుకోవాల్సిందే’

2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం డాబాలను, ఓపెన్ పార్కింగును ఉమ్మడి స్థలాల్లో చేర్చింది. అందుకే ఉమ్మడి మీటరుకు సోలార్ పెట్టుకునే దారి అసోసియేషన్‌కి ఉంది. పీఎం సూర్యఘర్ పథకంలో గ్రూప్ హౌసింగ్ ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు ₹18,000 సబ్సిడీ ఉంది. 10 కిలోవాట్లకు నీడ పడని 1,000 చదరపు అడుగులు కావాలి. రోజుకు సుమారు 40 యూనిట్లు వస్తాయి, లిఫ్టు, బోరు మోటరు, మెట్ల లైట్ల ఖర్చులో పెద్ద వాటా దానితో తీరుతుంది.

పొరపాట్లు జరిగేవి రెండు చోట్ల. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోవచ్చు. స్టాండ్ల కోసం స్లాబుకు రంధ్రాలు కొడితే మొదటి వానకే పై ఫ్లాటు సీలింగు కారుతుంది. కాంక్రీటు దిమ్మల మీద నిలబెట్టించండి. ఇంకో మాట, బ్యాటరీ లేని మామూలు సోలార్ కరెంటు పోతే తనూ ఆగిపోతుంది. లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా అలా చేశారు. జనరేటర్ అమ్మేయకండి.

అపోహ: ‘అసోసియేషన్ అంటే పండగ చందాలు, వాట్సాప్ గొడవలు’

రెండూ ఉంటాయి, నిజమే. కానీ మెజారిటీ ఫ్లాట్లు బుక్కయిన మూడు నెలల్లోపు అసోసియేషన్ ఏర్పడేలా చూడడం రెరా కింద బిల్డర్ బాధ్యత. రిజిస్ట్రేషన్ 2001 సొసైటీల చట్టం కిందో, 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో జరుగుతుంది. హ్యాండోవర్ రోజు తాళాలతో పాటు కార్పస్ ఫండ్ (కొన్నవాళ్ల దగ్గర ముందే వసూలు చేసిన ఉమ్మడి నిధి) లెక్క, కట్టినట్టు గీసిన ప్లంబింగ్, ఎలక్ట్రికల్ డ్రాయింగులు, బోర్లు ఎక్కడెక్కడ ఎంత లోతో, మోటర్ల వారంటీలు, ఎస్‌టీపీకి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. డ్రాయింగులు లేకపోతే గోడలో పైపు పగిలిన రోజు ప్లంబర్ ఊహ మీద తవ్వుకుంటూ పోతాడు. పొసెషన్ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో సరిచేయాలి. లోపం చెప్పాక 30 రోజులు గడువు. చెప్పడమంటే కాగితం మీద, రసీదు తీసుకుని. వాట్సాప్ గ్రూపులో తిట్టుకోవడం లెక్కలోకి రాదు.

కమ్యూనిటీ కలిసి ఉందో లేదో తెలియాలంటే ఆదివారం సాయంత్రం ఐదున్నరకు వెళ్లండి. లిఫ్టులో అతికించిన నోటీసులు చదవండి. గత నెల జమా ఖర్చులు అక్కడుంటే మంచి గుర్తు. పనివాళ్లకు టాయిలెట్ ఉందేమో అడగండి. దాచకుండా చూపించే చోట మిగతా వ్యవహారాలూ చాలావరకు సవ్యంగానే ఉంటాయి.

అపోహ: ‘కంపోస్ట్ పెడితే ఈగలు, పురుగులు’

తడి ఎక్కువైతే కంపు, పురుగు. మరీ పొడైతే చీమలు. ఒక బక్కెట్ వంటింటి చెత్తకు రెండు బక్కెట్ల ఎండుటాకులో, రంపపు పొట్టో కలిపి, ప్రతిసారీ పైన పొడి పొర కప్పాలి. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటీ రెండు చుక్కలే రాలాలి. ధారగా కారితే పొడి చాలనట్టు. వారానికోసారి తిరగేయాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలను చెత్త వేరు చేయమని, తడి చెత్తను వీలైనంత లోపలే ఎరువు చేయమని చెప్పాయి. కాబట్టి కంపోస్ట్ ఎవరి సరదా కోసమో పెట్టేది కాదు.

బతుకమ్మ మర్నాడు పోగయ్యే తంగేడు, గునుగు పూలు ఈ తొట్లకు మంచి మేత. దారాలు, ప్లాస్టిక్ పూలు ఏరేసి వేయాలి. వినాయకుడు మట్టివాడైతే పెద్ద డ్రమ్ములో నిమజ్జనం చేసి, కరిగిన మట్టిని కుండీలకు పంచేయొచ్చు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం ఆ డ్రమ్ములోనే నెలల తరబడి కూర్చుంటుంది.

అపోహ: ‘ఇవన్నీ ఏజెంట్‌ని అడిగితే చెప్పడు, వాడికి కమీషనే ముఖ్యం’

కమీషన్ ముఖ్యమే. అయినా రెరా కింద ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్టర్ కావాల్సిన ప్రాజెక్టు రిజిస్టర్ కాకుండా ఉంటే దాన్ని అమ్మిపెట్టకూడదు, లేని సౌకర్యం ఉందని చెప్పకూడదు. అందుకని ముందు ఏజెంటు రెరా నంబరు, తర్వాత ప్రాజెక్టు నంబరు అడిగి వెబ్‌సైట్లో సరిచూసుకోండి. నీళ్లు, ఎస్‌టీపీ, బఫర్ మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు ఈమెయిల్లో రాయించుకోండి. ఫోన్‌లో గడగడా చెప్పినవాళ్లు రాయమనగానే నసిగారంటే, ఆ ప్రశ్నలు పట్టుకుని నేరుగా అసోసియేషన్ సెక్రటరీ దగ్గరికి వెళ్లడమే.