నియాన్ టెట్రా గుడ్లకు ఎలాంటి నీళ్ళు కావాలి?

అక్వేరియం షాపుల్లో దొరికే నియాన్ టెట్రా అనే చిన్న రంగుచేపలు చాలావరకు ఫారాల్లో పుట్టినవే. మెల్లగా అలవాటు చేస్తే మన బోరు నీళ్ళలోనూ బతికేస్తాయి. చిక్కంతా గుడ్ల దగ్గరే. పెట్టిన గుడ్లు మర్నాటికి తెల్లబడి బూజు పడితే అందరూ ముందు పీహెచ్‌ని, అంటే నీళ్ళ ఆమ్లగుణం కొలతని, అనుమానిస్తారు (అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ). నన్నడిగితే ముందు చూడాల్సింది కాఠిన్యం, అంటే నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం.

గుడ్డు ఆవగింజంత కూడా ఉండదు, గాజుపూసలా మెరుస్తుంది. నీళ్ళలో పడగానే నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, పైపొర గట్టిపడుతుంది. ఆ గట్టిపడటంలో కాల్షియం పాత్ర ఉంది. మగచేప వీర్యకణం లోపలికి వెళ్ళడానికి ఉండేది ఒక చిన్న రంధ్రం, కొద్దిపాటి సమయం. పొర ముందే గట్టిపడితే ఆ అవకాశం పోతుంది. లవణాలు దాదాపు లేని అమెజాన్ నీటికి అలవాటుపడిన జాతి ఇది. దీని దగ్గరి చుట్టం కార్డినల్ టెట్రా ఉండే రియో నీగ్రో నది డికాక్షన్ రంగులో ఉంటుంది, పీహెచ్ 4–5 మధ్య.

బోరు నీళ్ళలో యాసిడ్ చుక్కలు వేస్తే పీహెచ్ దిగినట్టే దిగి తెల్లారేసరికి మళ్ళీ ఎక్కుతుంది. నీళ్ళలోని బైకార్బొనేట్లు ఆ యాసిడ్‌ని మింగేస్తాయి. కాల్షియం మాత్రం ఎక్కడిదక్కడే. మరిగిస్తే కొంత కాఠిన్యం తెల్లటి పొరగా గిన్నె అడుగున దిగుతుంది కానీ సల్ఫేట్లు, క్లోరైడ్లు కదలవు. అపార్ట్‌మెంట్లలో ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది. సబ్బు బాగా నురగొస్తుంది, నీళ్ళలో కరిగిన మొత్తం లవణాలు చూపే టీడీఎస్ మీటర్‌లో అంకె మాత్రం పెద్దగా తగ్గదు. గుడ్లకు అది పనికిరాదు.

మిగిలింది ఆర్వో నీళ్ళు. ఇంట్లో ఫిల్టర్ ఉంటే ఒకటి గమనించండి: చాలా మోడళ్ళలో చివర మినరల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది, తీసిన లవణాల్లో కొన్నిటిని అదే తిరిగి కలుపుతుంది. దానికి ముందున్న పైపు నుంచి పట్టుకోవాలి. కాఠిన్యం 400 పీపీఎం ఉన్న బోరు నీళ్ళు ఒక పాలు, ఆర్వో నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపితే 40 దగ్గర ఆగుతుంది. నియాన్లకు ఆ మాత్రం చాలు. వాన నీళ్ళు కూడా మంచివే, తొలి జల్లులు పోయాక ప్లాస్టిక్ షీటు మీద పడ్డవైతే. సిమెంటు డాబా మీద పారినవైతే సున్నం కలుస్తుంది.

ఇలా కాల్షియంతో పాటు బైకార్బొనేట్లు కూడా తగ్గాక రెండు ఎండు బాదం ఆకులు వేసినా పీహెచ్ దిగుతుంది. ఇందులోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా అమోనియాను మారుస్తూ ఆమ్లం పుట్టిస్తుంది, దాన్ని ఆపే బైకార్బొనేట్లు లేకపోతే పీహెచ్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అందుకే ఈ నీళ్ళు గుడ్ల కోసం పెట్టిన చిన్న తొట్టికే, పెద్ద తొట్టికి వద్దు.

గుడ్లు పెట్టాక పెద్ద చేపల్ని వెంటనే తీసేయాలి, లేకపోతే అవే తినేస్తాయి. గుడ్లకు వెలుతురు పడదు కాబట్టి తొట్టి చుట్టూ కాగితం కప్పాలి. ఒక రోజులో పొదుగుతాయి, నాలుగైదు రోజులకు పిల్లలు ఈదుతాయి. అవి కాస్త పెరిగాక బోరు నీళ్ళు కొద్దికొద్దిగా, వారాల తరబడి కలుపుతూ పోవాలి.