సూక్రే పట్టుబట్టి తెచ్చుకున్న చట్టం

బొలీవియా రాజ్యాంగం 6వ అధికరణ ప్రకారం దేశ రాజధాని సూక్రే. అధ్యక్షుడు, పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు ఉండేది మాత్రం లా పాజ్‌లో. సూక్రేకు మిగిలినవి సుప్రీంకోర్టు, రాజ్యాంగ ట్రిబ్యునల్. ప్రభుత్వమంతా సూక్రేకే రావాలనే 'పూర్తి రాజధాని' డిమాండు ఎప్పుడు లేచినా చర్చ 1825లో సూక్రేలో జరిగిన స్వాతంత్ర్య ప్రకటన దగ్గర మొదలవుతుంది. దాన్ని ఎవరూ కాదనరు. గొడవకు మూలం 1898 నవంబరులో ఉంది.

అప్పటిదాకా పేరుకు రాజధాని సూక్రే అయినా, అధ్యక్షుడు ఎక్కడుంటే పాలన అక్కడ. కాంగ్రెస్ కూడా వేర్వేరు నగరాల్లో కొలువుదీరేది. ఆ వెసులుబాటు వల్లే పోటీ ముదరకుండా ఆగింది. సూక్రే పెద్దల సంపదంతా పోటోసీ ప్రాంతపు వెండి గనులది. 1890లలో వెండి ధర పడిపోయింది, తగరానికి గిరాకీ పెరిగింది. 1892లో సముద్రతీరం నుంచి రైలు ఉత్తరాన ఉన్న గనుల పట్టణం ఓరూరో చేరింది. డబ్బు, వ్యాపారం ఉత్తరానికి మళ్లాయి. లా పాజ్ జనాభా సూక్రేకు రెండింతలు దాటింది. చేజారిపోతున్నదాన్ని చట్టంతో కట్టేయాలని 1898 నవంబరులో సూక్రే ప్రతినిధులు 'రాడికటోరియా' అనే చట్టం నెగ్గించుకున్నారు: ప్రభుత్వం శాశ్వతంగా సూక్రేలోనే ఉండాలి. లా పాజ్ సభ్యులు సభ వదిలి వెళ్లిపోయారు. డిసెంబరు 12న లా పాజ్‌లో ఫెడరల్ తిరుగుబాటు, అంటే అధికారాన్ని ప్రాంతాలకు పంచాలనే తిరుగుబాటు, మొదలైంది.

తిరుగుబాటు నేత హోసే మాన్యుయెల్ పాండో అక్కడి ఆదివాసులైన ఐమారా రైతులను, వాళ్ల నాయకుడు పాబ్లో సరాటే విల్కాను కలుపుకున్నాడు. ఐమారాలు రాజధాని కోసం రాలేదు, భూమి కోసం వచ్చారు. 1874 చట్టం వాళ్ల ఉమ్మడి భూములను విడి పట్టాలుగా చీల్చింది. ఆ పట్టాలు ఒక్కొక్కటే ఎస్టేట్లలో కలిసిపోయాయి. 1899 జనవరి 24న ఆయో ఆయో ఊరి చర్చిలో తలదాచుకున్న సూక్రే పక్షపు గాయపడిన సైనికులను ఐమారాలు చంపారు. చనిపోయినవాళ్లలో పేరున్న కుటుంబాల కుర్రాళ్లున్నారు. ఘోరమే. కానీ సూక్రే చెప్పుకునే కథ ఆ చర్చి గుమ్మం దాటి ముందుకు కదలదు.

తర్వాత జరిగింది ఇదీ. ఏప్రిల్ 10న ఓరూరో దగ్గర పాండో గెలిచాడు. ఆ నెల తిరక్కుండానే, తనను గెలిపించిన సరాటే విల్కా ఖైదయ్యాడు. భూములు తిరిగి రాలేదు. ఫెడరల్ వాగ్దానాన్ని కూడా ఓరూరో సమావేశంలో పక్కన పెట్టేశారు. అధికారమంతా మునుపటిలా ఒకే కేంద్రం చేతిలో ఉండిపోయింది, ఆ కేంద్రం లా పాజ్‌కు చేరింది.

2007లో కొత్త రాజ్యాంగం రాసే సభ సూక్రేలో కూర్చున్నప్పుడు పాత డిమాండు భగ్గుమంది. జూలై 20న లా పాజ్‌ను ఆనుకుని ఉన్న ఎల్ ఆల్టోలో లక్షల మంది గుమిగూడి 'ప్రభుత్వ పీఠం కదలదు' అన్నారు. ఎల్ ఆల్టో ఎక్కువగా ఐమారాల ఊరు. యుద్ధం గెలిపించి వట్టి చేతులతో ఇంటికెళ్లిన వాళ్ల వారసులకు, చేతికి అందేంత దగ్గరలో ఉన్నది ఆ పీఠం ఒక్కటే. ఆగస్టు 15న సభ ఆ అంశాన్ని చర్చ నుంచే తొలగించింది. నవంబరు అల్లర్లలో సూక్రేలో ముగ్గురు చనిపోయారు. చివరి ముసాయిదా ఓరూరోలో ఆమోదం పొందింది.

2009 జనవరి 25న ప్రజలు ఓటేసిన రాజ్యాంగంలో సూక్రేకు ఒక వాక్యం దక్కింది: 'సూక్రే బొలీవియా రాజధాని.' ప్రభుత్వం ఎక్కడ కూర్చోవాలో ఆ అధికరణలో లేదు.