అయిదుకీ పదిహేనుకీ మధ్య
కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరొంచ. రాష్ట్రం మహారాష్ట్ర, జిల్లా గడ్చిరోలి, ఎన్నో ఇళ్లలో మాట తెలుగు. అక్కడ మా మేనత్త పెరట్లో 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంది. రోజూ 50 కిలోల పెండ కలిపి పోస్తుంది. మొన్న వెళ్తే అడిగింది: “గింత గ్యాస్ నిండినంక డోము పేలదా బిడ్డా?”

పేలదు. నిండిన డోములో, అంటే గ్యాస్ నిలిచే గుమ్మటంలో, మంటకు కావలసిన ఆక్సిజన్ ఉండదు. ఒత్తిడి పెరిగితే లోపలి పెండనీళ్లు బయటి తొట్టిలోకి పొంగుతాయి, అంతే. ఆ ఒత్తిడి మహా అయితే మీటరు ఎత్తు నీళ్లది. సైకిల్ ట్యూబులో దానికి ఎన్నో రెట్లుంటుంది.

అసలు కీలకం గాలితో కలిసే పాళ్లలో ఉంది. ఈ గ్యాసులో దాదాపు 60 శాతం మీథేన్. గాలిలో మీథేన్ 5 శాతంకన్నా తక్కువైతే మంట పాకదు, 15 దాటితే ఆక్సిజన్ చాలదు. పేలుడంతా ఆ మధ్యలోనే. 9.5 దగ్గర ప్రతి మీథేన్ అణువుకూ సరిగ్గా రెండు ఆక్సిజన్ అణువులు దొరుకుతాయి కాబట్టి అక్కడ అత్యంత ఉధృతం. బడిలో నాతో మీథేన్ ఫార్ములా వందసార్లు రాయించారు, ఈ రెండు అంకెలు మాత్రం ఎవరూ చెప్పలేదు!

మరమ్మతుకని డోము మూత తీశారనుకోండి. గాలి చొరబడేకొద్దీ మీథేన్ 60 నుంచి దిగుతూ 15లోకి వస్తుంది, 5 దాటి కిందికి పోయేదాకా ప్రమాదమే. అడుగున మిగిలిన పెండ ఇంకా బుడగలు వదులుతూనే ఉంటుంది. బీడీ సంగతి అటుంచి, అసలు లోపలికే దిగకూడదు. ఊపిరాడక, హైడ్రోజన్ సల్ఫైడ్ విషానికి మనుషులు పోతారు. కొత్త ప్లాంటు అదే దారిలో కింది నుంచి పైకి ఎక్కుతుంది. డోములో ముందే గాలి ఉంటుంది కనుక మొదట నిండిన గ్యాసును వెలిగించకుండా బయటికి వదిలేయాలి. పొయ్యి అంటుకోలేదని పైపు మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూడటం ఘోరమైన తప్పు.

వంటింటి లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు: సుమారు 24 ఘనపు మీటర్ల గాలి. అత్త ప్లాంటులో ఒక రోజు పుట్టే 2 ఘనపు మీటర్ల గ్యాసంతా తలుపులు మూసిన ఆ గదిలోకి కారితే అందులో మీథేన్ 1.2 ఘనపు మీటర్లు. దాదాపు 5 శాతం! గ్యాస్ అంతటా సమంగా కలవదు కనుక కారే చోట అంతకు చాలా ముందే ఆ గీత దాటేస్తుంది.

నదికి ఇవతల భూపాలపల్లి బొగ్గుబావుల్లో భయమూ ఈ మీథేన్‌తోనే. 1815లో బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ గని కార్మికుల దీపం మంట చుట్టూ సన్నటి లోహపు జాలీ చుట్టాడు. వేడిని జాలీ లాగేసుకుంటే అవతలి గ్యాస్ అంటుకునేంత వేడెక్కదు. మన గ్యాస్ పైపులో పెట్టే జాలీ పనీ అదే. మంట తగ్గుతోందని దాన్ని పీకి పారేయొద్దు, కడిగి మళ్లీ పెట్టాలి.

అత్త డోముకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టింది. కట్టుకోనీ. నేను మాత్రం సబ్బు నురగ తెచ్చి పొయ్యి దగ్గరి రబ్బరు పైపుకు పూశాను. బిగింపు పక్కన గోరంత పగులు మీద బుడగ ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. అత్త వంగి చూసింది. వాల్వు కట్టేసి, ఆ ముక్క కోసి, పైపు మళ్లీ బిగించి నురగ పూశాం. ఈసారి బుడగ రాలేదు.