కంప్యూటర్‌లో చెరువు కట్ట

బుజ్జీ, చిన్నా,

కంప్యూటర్ ఆన్ చేస్తే పది నిమిషాల దాకా కదలట్లేదని, షాపు ఆయన ఫార్మాట్ చేసేద్దామన్నాడని రాశారు కదా. అప్పుడే వద్దనండి. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కొననక్కర్లేదు, డౌన్‌లోడ్ చేయనక్కర్లేదు, 1996లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 నుంచీ అది లోపలే ఉంది.

మెమరీ అంటే మా ఊరి చెరువు అనుకోండి. మీ కంప్యూటర్‌లో 4 జీబీ, అంటే చిన్న చెరువే. బ్రౌజర్, గేమ్, యాంటీవైరస్ అన్నీ దాని కింద పారే మళ్లు. నీళ్లు చాలకపోతే దూరంగా ఉన్న బావి నుంచి బిందెలతో మోసుకొచ్చినట్టు కంప్యూటర్ హార్డ్ డిస్క్ మీద కొంత చోటు వాడుకుంటుంది. డిస్క్ చాలా నిదానం, అందుకే తెర మీద ఆ గుండ్రం గిరగిరా తిరగడం. ఎవరి మడికి ఎంత పారాలో చూసేవాడు నీరటి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ అన్న మాట మీద నొక్కితే ఎక్కువ తాగేవాళ్లు పైకి వస్తారు.

నేను మీ అంత ఉన్నప్పుడు ఒక యాసంగిలో చివరి మళ్లకు నీళ్లందక పెద్ద గొడవైంది. అందరూ పై రైతు మీదే అరిచారు. మా నీరటి తాత మాత్రం ఎవర్నీ ఏమీ అనలేదు, ఎవరి నీళ్లూ కట్టేయలేదు. రాత్రి లాంతరు, పార పట్టుకుని కాలువ వెంట నడిచాడు, వెనకాలే నేను. సగం దూరం పోయాక ఒక గట్టుకి ఎండ్రికాయ బొరియ, అందులోంచి నీళ్లన్నీ వాగులోకి పోతున్నాయి! రెండు పారల మట్టి వేశాడు, అంతే. ఆ రాత్రి చల్లటి నీళ్లలో పెట్టిన కాళ్లు నాకింకా గుర్తే.

మీ బొరియలు టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అన్న చోట ఉంటాయి. కంప్యూటర్ ఆన్ కాగానే మీరు అడక్కుండానే లేచి కూర్చునేవన్నీ అక్కడ కనిపిస్తాయి. మీకు బాగా తెలిసినవి, రోజూ అక్కర్లేనివి డిజేబుల్ చేయండి. ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, పిలిచినప్పుడే వస్తుంది. పేరు తెలియనిది మాత్రం ముట్టుకోవద్దు. ఎస్‌వీసీహోస్ట్ అని బోలెడు సార్లు కనిపిస్తుంది, అది విండోస్ సొంత పనిమనిషి, దాన్ని ఆపితే నెట్టో, సౌండో ఆగిపోవచ్చు. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ తూము తాళం లాంటిది, అది నాన్న దగ్గరే ఉండనివ్వండి, మీరు మామూలు అకౌంట్‌లో ఆడుకోండి. తాళం చేతికొచ్చినవాడు ముందు అందరి మళ్లూ తిరిగి చూడాలి.

ఇంకొకటి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ఈవెంట్‌వీడబ్ల్యూఆర్ అని ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలతో కొట్టండి, అంటే ఈవెంట్ తర్వాత వీ, డబ్ల్యూ, ఆర్. కంప్యూటర్ తన డైరీ తానే రాసుకుంటుంది, ఇదే ఆ డైరీ. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. మొన్న ఆదివారం గాలివానకు మీ దగ్గర కరెంటు పోయి, కంప్యూటర్ ఠక్కున ఆగిపోయిందన్నారు కదా, పోయే ముందు ఒక్క ముక్క రాసుకునే టైమ్ కూడా దానికి లేదు. అయినా మళ్లీ లేచాక 6008 అన్న నంబరు వేసి, ఫలానా టైమ్‌కి అనుకోకుండా ఆగిపోయానని రాసుకుని ఉంటుంది. వెతకండి. అందులో ఉన్న టైమూ, అమ్మ కొవ్వొత్తి వెలిగించిన టైమూ ఎంత దగ్గరగా ఉన్నాయో నాకు రాయండి.

మీ తాతయ్య