ఓడిన పార్టీ మరింత ఎడమకు జరగాలా? అపోహలు - వాస్తవాలు

ఓట్ల లెక్కింపు పూర్తయిన రాత్రే ఓడిన పార్టీలో రెండు వాదనలు మొదలవుతాయి. సిద్ధాంతాన్ని పలుచన చేసుకున్నాం కాబట్టే ఓడామని ఒక వర్గం అంటుంది. అతిగా పోయి జనాన్ని బెదరగొట్టామని ఇంకో వర్గం అంటుంది. ఎన్నికల సర్వేలకు ప్రశ్నలు తయారు చేయడం, ఫలితాలు వచ్చాక ఓట్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోయాయో విడదీసి చూడడం నా వృత్తి. ఈ రెండు వాదనలూ ఎంత గట్టిగా వినిపిస్తాయో, వాటి వెనక లెక్క అంత తక్కువగా ఉంటుంది.

వామపక్ష పార్టీ విషయంలో ఈ చర్చకు బ్రిటన్ లేబర్ పార్టీని మించిన ఉదాహరణ లేదు. అది ఓడి ఎడమకు జరిగింది, మళ్లీ ఓడి మధ్యకు వచ్చింది, అధికారం పోయాక మళ్లీ ఎడమకు వెళ్లింది. ప్రతి మలుపుకూ ఓట్ల లెక్క ఉంది. అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

అపోహ: 1983లో చూశాం కదా, ఎడమకు జరిగితే పార్టీ మునిగిపోతుంది.

వాస్తవం: 1979లో కన్జర్వేటివ్ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ చేతిలో ఓడిన లేబర్, మరుసటి ఏడాది మైఖేల్ ఫుట్‌ను నాయకుడిగా ఎన్నుకుంది. ఏకపక్ష అణు నిరాయుధీకరణ (ఇతర దేశాలు వదులుకోకున్నా తమ అణ్వాయుధాలను వదులుకోవడం), యూరోపియన్ యూనియన్‌కు పూర్వరూపమైన యూరోపియన్ ఎకనమిక్ కమ్యూనిటీ నుంచి వైదొలగడం, పరిశ్రమలను తిరిగి జాతీయం చేయడం వంటి హామీలతో 1983 ఎన్నికలకు వెళ్లింది. ఓట్లు 36.9 శాతం నుంచి 27.6 శాతానికి పడిపోయాయి. ఆ మేనిఫెస్టోను చరిత్రలోకెల్లా పొడవైన ఆత్మహత్య లేఖ అని సొంత పార్టీ ఎంపీ జెరాల్డ్ కౌఫ్‌మన్ అన్న మాట నేటికీ చెప్పుకుంటారు.

అదే ఎన్నికలో కన్జర్వేటివ్‌ల ఓట్లు కూడా 43.9 నుంచి 42.4 శాతానికి తగ్గాయన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు. ఓట్లు తగ్గినా సీట్లు 339 నుంచి 397కు పెరిగాయి. కారణం, 1981లో రాయ్ జెంకిన్స్, డేవిడ్ ఓవెన్, షర్లీ విలియమ్స్, బిల్ రోడ్జర్స్ లేబర్‌ను వదిలి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. లిబరల్ పార్టీతో పొత్తు పెట్టుకుని 25.4 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. థాచర్‌కు వ్యతిరేకంగా పడిన ఓటు నిలువునా చీలిపోయింది.

అయితే తప్పంతా చీలిపోయినవారిదేనా? కాదు. పార్టీని ఎడమకు లాగిన తీరే ఆ చీలికకు దారి తీసింది. నాయకుడిని ఎన్నుకునే నిబంధనల మీద కూడా అంతర్గత యుద్ధం నడిచింది. 1981లో ఉప నాయకుడి పదవికి మధ్యేవాది డెనిస్ హీలీ, ఎడమ వర్గం నాయకుడు టోనీ బెన్ పోటీపడితే హీలీ 1 శాతం కంటే తక్కువ తేడాతో గట్టెక్కాడు. దేశంలో నిరుద్యోగం పెరిగిపోతున్న రోజుల్లో ప్రతిపక్షం నెలల తరబడి తన ఇంటి తగవుతోనే వార్తల్లో నిలిచింది. 1982లో అర్జెంటీనాపై ఫాక్లాండ్స్ యుద్ధ విజయం థాచర్‌కు కలిసొచ్చింది. విధానాల కంటే ఆ తగవే లేబర్‌కు ఎక్కువ నష్టం చేసిందని నా నిశ్చితాభిప్రాయం. తమను తాము సంభాళించుకోలేనివారు దేశాన్ని ఏం నడుపుతారని ఓటరు అనుకున్నాక మేనిఫెస్టోలో ఏముందో చూడడు.

అపోహ: ఓటర్లందరూ ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో ఉంటారు. పార్టీ ఎటు జరిగితే అటువైపువారు వచ్చి చేరతారు.

వాస్తవం: మా సర్వేల్లో తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. 0 అంటే పూర్తిగా ఎడమ, 10 అంటే పూర్తిగా కుడి అనుకుంటే మీరు ఎక్కడ ఉంటారు? చాలామంది 5 అంటారు, లేదా తెలియదంటారు. ఆ 5 చూసి వీళ్లంతా మధ్యేవాదులని రాసేస్తే పెద్ద పొరపాటు. అదే మనిషిని విడివిడిగా అడిగి చూడండి. రైళ్లు ప్రభుత్వ చేతిలో ఉండాలంటాడు, అది ఎడమ. నేరస్థులకు శిక్షలు పెంచాలంటాడు, అది కుడి. వలసలు తగ్గాలంటాడు, ఆస్పత్రులకు ఇంకా డబ్బివ్వాలంటాడు. సగటు తీస్తే 5 వస్తుంది కానీ, ఆయన మనసులో 5 అనే చోటు ఎక్కడా ఉండదు.

అమెరికాలో 2024 నవంబరులో మిస్సోరీ రాష్ట్ర ఓటర్లు 58 శాతం మేర డొనాల్డ్ ట్రంప్‌కు ఓటేశారు. అదే రోజు, అదే బ్యాలట్‌పై గంటకు 15 డాలర్ల కనీస వేతన ప్రతిపాదనను 57 శాతానికి పైగా ఓట్లతో ఆమోదించారు. వీళ్లను ఏ వైపు వేస్తారు?

ఈ విషయాన్ని బోల్సోవర్ నియోజకవర్గం చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో పాత బొగ్గు గనుల ప్రాంతం అది. గని కార్మికుడిగా పనిచేసిన డెనిస్ స్కిన్నర్ 1970 నుంచి అక్కడ లేబర్ ఎంపీ. పార్టీలో ఆయన కంటే ఎడమన ఉన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2017లో ఆయనకు 24,153 ఓట్లు వచ్చాయి. 2019లో 16,492 వచ్చి ఓడిపోయారు. పోయినవి 7,600కు పైగా ఓట్లు. మరి కన్జర్వేటివ్‌లకు పెరిగిందెంత? 18,865 నుంచి 21,791, అంటే 3,000 లోపు. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలంటూ కొత్తగా బరిలోకి దిగిన బ్రెగ్జిట్ పార్టీ 4,000కు పైగా తీసుకుంది. పోలింగ్ శాతమూ తగ్గింది. నియోజకవర్గం మొత్తాలను బట్టి ఏ మనిషి ఓటు ఎటు మారిందో తేల్చి చెప్పలేం, ఆ జాగ్రత్త తప్పనిసరి. కానీ లేబర్‌ను వదిలినవారంతా నేరుగా కన్జర్వేటివ్‌ల పంచన చేరలేదన్నది మాత్రం తెలిసిపోతుంది.

2016 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) ఆ ప్రాంతంలో ప్రతి 10 మందిలో 7గురు యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని ఓటేశారు. స్కిన్నర్ కూడా ఆ కూటమిని మొదటి నుంచీ వ్యతిరేకించినవారే. అయినా, పార్టీ ఈ విషయంపై మళ్లీ రెఫరెండం పెడతామని హామీ ఇవ్వడంతో ఆయన సొంత అభిప్రాయం ఆయనను కాపాడలేదు. ఇక్కడ పార్టీ ఎడమకు జరగాల్సింది, కుడికి జరగాల్సింది అని ఎవరు చెప్పినా అది ఈ ఓటమికి సంబంధం లేని మాటే.

అపోహ: లేబర్‌కు 2017లో 40 శాతం ఓట్లు, 2024లో 33.7 శాతం. కాబట్టి ఎడమ బాటే జనామోదం పొందింది.

దీనికి జంట అపోహ: మొత్తం 650లో 2017లో 262 సీట్లు, 2024లో 411 సీట్లు. కాబట్టి మధ్యకు వస్తేనే గెలుపు.

వాస్తవం: అంకెలు రెండూ నిజమే. ఎడమ వర్గానికి చెందిన జెరెమీ కార్బిన్ నాయకత్వంలో 2017లో దాదాపు 1 కోటి 29 లక్షల ఓట్లు వచ్చాయి, పార్టీ ఓడింది. పార్టీని మధ్యకు తెచ్చిన కియర్ స్టార్మర్ నాయకత్వంలో 2024లో 97 లక్షల ఓట్లే వచ్చాయి, పార్టీ ఘన విజయం సాధించింది. తేడా ప్రత్యర్థుల దగ్గర ఉంది. 2017లో కన్జర్వేటివ్‌లు 42 శాతానికి పైగా ఓట్లతో ఒక్క చోట నిలిచారు. 2024లో అటువైపు ఓటు కన్జర్వేటివ్‌లకు 23.7 శాతం, కుడివైపే ఉన్న రిఫార్మ్ పార్టీకి 14.3 శాతంగా చీలింది.

మన దగ్గర ఈ పాఠం 1955లోనే నడిచింది. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి 41 మంది కమ్యూనిస్టులు గెలిచారు. 1955 ఆంధ్ర రాష్ట్ర ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ ఓట్ల శాతం తగ్గలేదు, 31 శాతానికి పెరిగింది. సీట్లు మాత్రం 196కు 15. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారేమోనన్న భయం కాంగ్రెస్‌ను, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీని, టంగుటూరి ప్రకాశం ప్రజా పార్టీని ఒకే కూటమిలోకి తెచ్చింది. ఒక పార్టీ ఏ వైపు అడుగు వేసినా ఎదుటి శిబిరం చేతులు ముడుచుకుని కూర్చోదు. మనవాళ్లలో ఎంత ఉత్సాహం పెరిగిందో లెక్కపెట్టినవారు, దాన్ని చూసి అవతలివారు ఎంత దగ్గరయ్యారో కూడా లెక్కపెట్టాలి.

మధ్యేమార్గం గురించి చెప్పేటప్పుడు అందరూ లేబర్ నాయకుడు టోనీ బ్లెయిర్ 1997 విజయాన్ని చూపిస్తారు. 43.2 శాతం ఓట్లు, 418 సీట్లు. నిజంగానే అది అసాధారణం. కానీ 1992 సెప్టెంబరు 16న పౌండు విలువ కుప్పకూలి, ఆర్థిక వ్యవస్థను నడపడంలో కన్జర్వేటివ్‌లకున్న పేరు పోయింది. బ్లెయిర్ నాయకుడయ్యింది 1994లో. ఆయన రాకముందే గాలి మారింది. పైగా 1997లో 1 కోటి 35 లక్షలున్న ఓట్లు 2005 నాటికి 95 లక్షలకు జారాయి. మూడోసారి కూడా అధికారం దక్కడంతో ఆ జారుడును ఎవరూ పట్టించుకోలేదు.

అపోహ: మన సంప్రదాయ ఓటరు ఎక్కడికీ పోడు.

వాస్తవం: స్కాట్లండ్‌లో 2010లో లేబర్‌కు 41 సీట్లు. 2015లో 1.

అపోహ: కార్యకర్తల మాటే జనం మాట.

వాస్తవం: 2015లో కార్బిన్ 59.5 శాతం ఓట్లతో పార్టీ నాయకుడయ్యారు. మరుసటి ఏడాది ఎంపీలు 172-40తో అవిశ్వాసం ప్రకటిస్తే, సభ్యులు ఆయననే ఇంకాస్త ఎక్కువ మెజారిటీతో మళ్లీ ఎన్నుకున్నారు. పార్టీ సభ్యత్వం 5 లక్షలు దాటింది. ఇలాంటి ఉత్సాహాన్ని చులకన చేసే విశ్లేషకులంటే నాకు కోపం. చలిలో, వానలో ఇంటింటికీ తిరిగేది ఆ సభ్యులే. వారు లేకపోతే 2017లో ఆ 40 శాతం వచ్చేది కాదు. కానీ సభ్యత్వ రుసుము కట్టి సమావేశాలకు వచ్చే మనిషి, ఎన్నికలప్పుడు తప్ప రాజకీయాల ఊసెత్తని మనిషి ఒక్కటి కాదు. 2019లో ఆ 5 లక్షల మంది ఉన్నారు, పార్టీకి 202 సీట్లే వచ్చాయి. 1935 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ రాలేదు.

అపోహ: ఎందుకు ఓడామో నెలలోపు సర్వే చేయించి తేల్చుకోవచ్చు.

వాస్తవం: ఫలితాలు వచ్చిన వెంటనే అడిగితే, గెలిచిన పార్టీకి ఓటేశామని చెప్పేవారి సంఖ్య అసలు ఓట్ల కంటే ఎక్కువగా తేలుతుంది. ఓటు వేయనివారిలో కొందరు వేశామంటారు. వీళ్లు కావాలని అబద్ధమాడుతున్నారనుకోనక్కరలేదు, జ్ఞాపకం ఫలితాన్ని బట్టి సర్దుకుంటుంది. అందుకే ఎన్నికకు ముందు మాట్లాడిన మనుషులనే ఎన్నిక తర్వాత మళ్లీ అడిగే సర్వే కావాలి. అందులో నాలుగు రకాలను విడదీయాలి: ఎదుటి పెద్ద పార్టీకి వెళ్లినవారు, చిన్న పార్టీకి వెళ్లినవారు, ఇంట్లో ఉండిపోయినవారు, మొదటిసారి ఓటేసినవారు. మొదటి రకం ఒక్కొక్కరూ రెండు ఓట్ల తేడా తెస్తారు, ఎందుకంటే మనకు ఒకటి తగ్గి ప్రత్యర్థికి ఒకటి పెరుగుతుంది. మూడో రకం ఒక్కొక్కరిదీ ఒక్క ఓటు తేడా. మరింత ఎడమకు జరగాలని అడిగేవారు సాధారణంగా మూడో రకాన్ని దృష్టిలో పెట్టుకుంటారు, వద్దనేవారు మొదటి రకాన్ని. ఏ రకం ఏ నియోజకవర్గంలో ఎంత ఉందో పట్టిక చేతికి వచ్చాకే జీతాల మీద, అద్దెల మీద, ఆస్పత్రుల మీద ఎంత గట్టిగా మాట్లాడాలో, ఏ విషయంలో వెనక్కి తగ్గాలో నిర్ణయించాలి. ఆ పట్టిక రాకముందే కొత్త నాయకుడి ఎన్నికకు తేదీ ప్రకటించవద్దని ఏ పార్టీ వారు అడిగినా చెబుతాను.