సుంకాల ఒప్పందంలో కుట్టుపనివారి సంగతి

పీణ్య, బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

బ్రిటన్‌తో మన దేశం 2025 జూలైలో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో కార్మికుల గురించి ఒక అధ్యాయం ఉందని చదివి, సుంకాలు తగ్గించుకునే కాగితంలో కూలివాళ్ళ ప్రసక్తి ఎందుకని మీరిద్దరూ అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. గార్మెంట్స్‌లో టైమ్ ఆఫీసు గుమాస్తాగా హాజరు పట్టీలు, జీతాల పట్టీలు రాసి రిటైరైనవాణ్ణి కాబట్టి, నా మాటల్లో ఆ బల్ల దగ్గర నుంచి కనబడిన లోకమే ఎక్కువగా ఉంటుంది.

ఇక్కడ కుట్టే చొక్కా ధర ఇక్కడ తేలదు. పీసుకు ఇంత అని విదేశీ బయ్యరు చెప్తాడు. గిట్టదంటే ఆర్డరు ఇంకో దేశానికి పోతుంది. ఏ దేశం నుంచి ఎన్ని బట్టలు కొనాలో సంపన్న దేశాలు పెట్టుకున్న కోటాలు 2005 జనవరి 1తో పోయాక ఈ పోటీ మరీ తీవ్రమైంది. బట్ట, గుండీలు, కరెంటు, ఓడ కిరాయి, వీటిలో ఏదీ యజమాని చెప్పినట్టు తగ్గదు గనుక, చివరికి అతని చేతికి అందేవి కుట్టేవారి జీతమూ వారి వేగమూ మాత్రమే. ప్రతి లైను చివరా ఒక బోర్డు ఉంటుంది. గంటకు ఇన్ని పీసులని టార్గెట్ ఒక గడిలో, ఎన్ని తక్కువ పడ్డాయో పక్క గడిలో ఎర్ర అంకెల్లో రాస్తారు. కాలరు కుట్టే ఆమె బాత్రూముకు లేచి వెళ్తే ఆమె మిషను దగ్గర బండిళ్ళు పేరుకుంటాయి, తర్వాతి మిషను ఆమెకు పని ఆగుతుంది, సూపర్‌వైజర్ గొంతు లేస్తుంది. అందుకే మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేదాకా మంచినీళ్ళ సీసా మూత తీయని ఆడవాళ్ళను చాలామందిని చూశాను.

ఇలాంటి విషయాలు చూడటానికి 1919లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏర్పడింది. మన దేశం అందులో మొదటి నుంచీ సభ్యురాలు. ఆ సంస్థ ప్రమాణాలు రాస్తుంది, నివేదికలు అడుగుతుంది, కానీ ఎవరి సరుకునూ రేవులో ఆపలేదు. ఆపగల బలం ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థలో ఈ ప్రస్తావన వచ్చినప్పుడు, 1996 సింగపూర్ సమావేశంలో, కార్మిక ప్రమాణాల సంగతి కార్మిక సంస్థే చూసుకుంటుందని తేల్చేశారు. కార్మికుల పేరు చెప్పి ధనిక దేశాలు మన సరుకును అడ్డుకుంటాయని భారతదేశంతో సహా అనేక దేశాలు అనుమానించాయి. ఆ అనుమానం అకారణమని నేను అనను. అయితే అక్కడ మూసిన తలుపు తర్వాత కొన్ని దేశాలు తమలో తాము చేసుకునే ఒప్పందాల్లో తెరుచుకుంది. 2024 మార్చిలో స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లిక్టెన్‌స్టైన్‌లతో మనం చేసుకున్న ఒప్పందంలోనూ ఇలాంటి అధ్యాయం ఉంది.

ఈ మధ్యలో బయ్యరు కంపెనీలు తమంతట తాము కనిపెట్టిన ఉపాయం ఆడిట్, అంటే ఫ్యాక్టరీకి మనుషులను పంపి పరిస్థితులూ రిజిస్టర్లూ తనిఖీ చేయించడం. ఆడిటర్లు వచ్చే ముందు రోజు బాత్రూముల్లో సబ్బు వెలిసేది, మెట్ల మీది కార్టన్లు మాయమయ్యేవి. నేను పనిచేసిన ఒకచోట ఓటీకి, అంటే వేళ మించి చేయించిన పనికి, వేరే రిజిస్టరే ఉండేది. ఓటీకి రెట్టింపు జీతం ఇవ్వాలని చట్టం చెప్తున్నా, ఆ రిజిస్టరు బల్ల మీదికి వచ్చేది కాదు. కరాచీలో 2012 సెప్టెంబరులో మంటల్లో చిక్కుకుని 250 మందికి పైగా చనిపోయిన బట్టల ఫ్యాక్టరీకి, అంతకు కొద్ది వారాల ముందే అంతా సక్రమమని సర్టిఫికెట్ వచ్చింది.

ఆ మరుసటి ఏడాది ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా కూలింది. ఆ ఎనిమిదంతస్తుల భవనంలో 2013 ఏప్రిల్ 23న గోడలకు పగుళ్ళు కనబడ్డాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. పై అంతస్తుల్లో కుట్టేవాళ్ళను మాత్రం మర్నాడు పొద్దున్నే లోపలికి పంపారు. రాకపోతే జీతం కోస్తామన్నారని బతికి బయటపడ్డవారు చెప్పారు. 1,100 మందికి పైగా చనిపోయారు. పగులు చూసినవాళ్ళకు ‘లోపలికి వెళ్ళం’ అనే ధైర్యం ఎక్కడి నుంచి రావాలన్నది నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రశ్న. ఒంటరిగా అన్నామె ఉద్యోగం ఆ పూటతో సరి. తర్వాత విదేశీ బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి సంతకం చేసిన బంగ్లాదేశ్ అకార్డ్ అనే ఫ్యాక్టరీ భద్రత ఒప్పందం కాస్త పనిచేసిందంటే, బ్రాండ్లు మాట తప్పితే నిలదీయగల కట్టుబాటూ, ప్రమాదమున్నచోట పని నిరాకరించే హక్కూ అందులో రాసి ఉండటమే కారణం.

మన ఊరి ముచ్చట కూడా చెప్పాలి. యజమాని వాటా పీఎఫ్‌ను 58 ఏళ్ళదాకా తీసుకోకూడదని కేంద్రం 2016లో నిబంధన తెచ్చింది. ఉద్యోగం మానిన ప్రతిసారీ ఆ డబ్బుతోనే ఫీజులు, అప్పులు తీర్చుకునే ఆడవాళ్ళు ఏప్రిల్ 18, 19 తేదీల్లో వేలకు వేలు హోసూరు రోడ్డు మీదికి, మన పీణ్య వైపు తుమకూరు రోడ్డు మీదికి వచ్చారు. రాళ్ళు పడ్డాయి, బస్సులు కాలాయి, లాఠీలు లేచాయి. 19నే కేంద్రం నిబంధనను వెనక్కి తీసుకుంది. వారిలో చాలామందికి ఏ సంఘమూ లేదు. సంఘం ఉండి, దాని మాట వినేవాళ్ళు ఉండి ఉంటే అది రోడ్డుదాకా రావలసిన గొడవే కాదు.

ఇక్కడి గార్మెంట్స్ కార్మికులకు 2020లో పెరగవలసిన కరువు భత్యం నెలకు సుమారు 417 రూపాయలు, అంటే 26 పనిదినాలకు రోజుకు పదహారు. కర్ణాటక ప్రభుత్వం వాయిదా వేసింది, హైకోర్టు ఆ వాయిదాను ఆపింది, అయినా ఎన్నో ఫ్యాక్టరీలు చెల్లించలేదు. విదేశీ బయ్యర్ల గుమ్మాలకు ఫిర్యాదులు చేరాకే చాలాచోట్ల బకాయిలు కదిలాయి. హైకోర్టు మాటకు కదలనివాళ్ళు ఆర్డరు పోతుందంటే కదిలారు. వ్యాపార ఒప్పందంలో కార్మికులు ఎందుకన్న మీ ప్రశ్నకు నాకు తెలిసిన సూటి జవాబు ఇదే.

అయితే సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, సమష్టిగా బేరమాడే హక్కు గురించిన కార్మిక సంస్థ ఒడంబడికలు 87, 98ని మన దేశం ఇంతవరకూ ఆమోదించలేదు. ప్రభుత్వోద్యోగులు సమ్మె చేయకూడదన్న నియమాలు అడ్డొస్తాయని ప్రభుత్వాలు చెప్పే కారణం. గార్మెంట్స్‌లో కుట్టేవాళ్ళకు దానితో ఏమిటి సంబంధమో నాకెప్పుడూ అర్థం కాలేదు. కాబట్టి బ్రిటన్ ఒప్పందంలోని ఆ అధ్యాయం మొత్తం చదవకపోయినా ఫరవాలేదు. సంఘాల గురించి ఏమన్నారు, మాట తప్పితే ఫిర్యాదు ఎవరు చేయవచ్చు, తీర్పు ఎవరు చెప్తారు, ఈ మూడూ వెతికి నాకు రాయండి. ఇంగ్లీషు కొరుకుడు పడకపోతే అమ్మను అడగండి.

ఇట్లు,
మీ తాతయ్య