చంద్రగిరి దాటేదాకా ఎవరూ నోరు విప్పలేదు

కొండ దిగాక, సాయంత్రం ఆటకు టిక్కెట్లు దొరికాయి కదా అని తిరుపతిలోనే సినిమా చూసి చిత్తూరుకు బయల్దేరాం. బాడుగ కారులో ఆరుగురం: అవ్వ, అమ్మ, మామ, బావ, చెల్లెలు, నేను. సినిమా పేరు చెప్పను. చెబితే మాట హీరో మీదికి మళ్ళుతుంది, అసలు సంగతి పక్కకు పోతుంది. 60 ఏళ్ళ కిందటి కాలంలో నడిచే ప్రేమకథ. ఉత్తరాలు, రైళ్ళు, ఎక్కడో యుద్ధం, చివరికి కలవని జంట. అంత తెలిస్తే చాలు.

మా వరసలో జరిగింది చెబుతాను. అమ్మ ఇంటర్వెల్ తర్వాత కళ్ళ మీంచి కొంగు తియ్యలేదు. మామ రాయిలా కూర్చుని, క్లైమాక్సుకు కాస్త ముందు "ఫోనొచ్చింది" అని బయటికి పోయాడు. ఆయన ఫోను కారులో ఛార్జింగుకు పెట్టి ఉంది. పొద్దున్నే కొండ మీద గుండు చేయించుకున్న మా బావ, హీరో చనిపోయే సీన్లో కిసుక్కున నవ్వాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి ఆ గుండు వైపు ఒక చూపు చూశాడు. చెల్లెలికి మొదటినుంచీ చిరాకే. "ఒక్క మిస్డ్ కాల్ ఇచ్చుంటే అయిపోయేది కదా" అని గొణుగుతూనే ఉంది. అవ్వ మాత్రం హీరో పోయినప్పుడు ఏడవలేదు. ఫస్టాఫ్‌లో ఒక షాటు ఉంది. పోస్టుమాను సైకిలు బెల్లు కొట్టుకుంటూ వీధి మలుపు తిరుగుతాడు, హీరోయిన్ ఇంటి ముందు ఆగకుండా పోతాడు. నాలుగైదు సెకన్లు ఉంటుందేమో. హాలంతా పాప్‌కార్న్ తింటున్న ఆ క్షణంలో అవ్వ ఏడ్చింది. నేను సినిమాకు ఏడవలేదు, అవ్వను చూసి ఏడ్చాను.

ఒకే సినిమా ఆరుగురికి ఆరు రకాలుగా ఎందుకు తగిలింది? ముందు కన్నీళ్ళ లెక్క చూద్దాం. మన కంట్లో నీళ్ళు మూడు రకాలు. కన్ను ఎండిపోకుండా ఎప్పుడూ పలచగా ఊరేవి ఒక రకం, ఉల్లిపాయ కోసినప్పుడు, దుమ్ము పడినప్పుడు వచ్చేవి రెండో రకం, మనసు కదిలితే వచ్చేవి మూడో రకం. ఏడ్చినప్పుడు నీళ్ళు ఊరేది ఎక్కువగా కంటి పైన బయటి మూలలో ఉండే గ్రంథిలో. ఎక్కువైన నీళ్ళు కంటి లోపలి మూలలో ఉన్న సన్నటి గొట్టం గుండా ముక్కులోకి దిగుతాయి. అందుకే సినిమాహాల్లో ఏడుపుకంటే ముందు ముక్కు చీదిన చప్పుడు వినిపిస్తుంది. 1981లో అమెరికాలో విలియం ఫ్రే అనే శాస్త్రవేత్త ఉల్లిపాయ కన్నీళ్ళకంటే సినిమా కన్నీళ్ళలో ప్రొటీన్లు ఎక్కువున్నాయని చూపించాడు. "ఏడిస్తే ఒంట్లో విషం బయటికి పోతుంది" అనే మాట దాంతో బాగా పాకింది. కన్నీటి చుక్కల్లో పోయేది ఎంతని! ఆ మాటకు గట్టి రుజువు ఇప్పటికీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు. 2004లో ఉరి హాసన్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఐదుగురిని, మెదడులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తోందో చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కానర్లో పడుకోబెట్టి ఒక పాత కౌబాయ్ సినిమా అరగంట చూపించారు. వాళ్ళకు ఏ పనీ చెప్పలేదు, ఊరికే చూడమన్నారు. ఐదు మెదళ్ళలోనూ చాలా భాగాలు ఒకే తాళానికి లేచి పడ్డాయి. తర్వాత ఇంకో లెక్క తేలింది. హిచ్‌కాక్ టీవీకి తీసిన కథ ఒకటి చూపిస్తే మెదడు పైపొరలో 65 శాతానికి పైగా చూసేవాళ్ళందరిలో కలిసి నడిచింది. పార్కులో కెమెరా ఒకచోట పెట్టి తీసిన మామూలు వీడియో చూపిస్తే 5 శాతం కూడా కలవలేదు. మంచి డైరెక్టర్ అంటే వేరేవాళ్ళ కళ్ళనూ చెవులనూ తన చేతిలోకి తీసుకునేవాడు అన్నమాట. ఆ లెక్కన మా ఆరుగురి మెదళ్ళూ ఆ రాత్రి చాలావరకు ఒక్కటిగానే నడిచి ఉండాలి.

మరి తేడా ఎక్కడ పుట్టింది? దానికి నాకు నచ్చిన జవాబు 2017లో అదే హాసన్ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఒక కథ వినిపించారు. రాత్రిపూట ఒకాయన స్నేహితుడికి ఫోన్ చేసి, పార్టీ నుంచి భార్య ఇంకా ఇంటికి రాలేదని వాపోతాడు. వినబోయేవాళ్ళలో సగం మందికి ముందే చెవిలో ఒక మాట వేశారు, ఆ భార్య నిజంగానే ఆ స్నేహితుడి పక్కన ఉందని. మిగతా సగం మందికి ఆ భర్త వట్టి అనుమానపు మనిషి అని చెప్పారు. కథలో అక్షరం మార్చలేదు. మాటలు వినే భాగాలు అందరిలోనూ ఒకేలా పనిచేశాయి. అర్థాన్ని అల్లే భాగాలు మాత్రం రెండు జట్లుగా విడిపోయాయి. డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అంటారు వాటిని. మన పాత జ్ఞాపకాలు, ఎదుటివాళ్ళ మనసులో ఏముందన్న ఊహ, మన గురించి మనం అనుకునేది, అన్నీ కలిసేది అక్కడే.

ప్రయోగంలో చెవిలో మాట వేసింది శాస్త్రవేత్తలు. అవ్వ చెవిలో ఎవరు వేశారు?

మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు. పలమనేరు వైపు పల్లెల నుంచి ఆ రోజుల్లో చాలామంది అక్కడికే పోయేవాళ్ళు. ఆ గనులు మూడు కిలోమీటర్ల లోతుకు దిగాయి. అంత లోతులో పైనున్న బరువుకు రాయి ఉన్నట్టుండి పేలిపోయేది. గనుల చుట్టుపక్కల ఇళ్ళకు కూడా ఆ అదురు తెలిసేదట. 2001లో గనులు మూతబడ్డాయి. అవ్వకు మాత్రం గని అంటే లోతూ కాదు, బంగారమూ కాదు, పోస్టుమాను. నెలకోసారి మనియార్డరు, మధ్యలో ఒక కార్డు. సైకిలు ఇంటి ముందు ఆగితే తాత ఉన్నట్టు. ఆగకుండా పోతే ఆ రోజంతా సంగటి గొంతు దిగేది కాదట. ఆ షాటులో డైరెక్టర్ పెట్టింది ఒక సైకిలు, ఒక బెల్లు, అంతే. మిగతాదంతా అవ్వ ఇంటినుంచి తెచ్చుకుంది.

వయసు సంగతీ ఉంది. 20లు, 40లు, 60ల్లో ఉన్నవాళ్ళకు ఒకే విషాదపు సినిమా ముక్కలు చూపించిన పరిశోధనలో 60ల్లో ఉన్నవాళ్ళకే దుఃఖం ఎక్కువ కలిగింది. పోగొట్టుకోవడం గురించిన కథలకైతే పెద్దవాళ్ళు ఇంకా తొందరగా కరుగుతారు. "వయసు మీదపడితే మనసు మొద్దుబారుతుంది" అనేది అందుకే నాకు నచ్చని మాట.

కథ ముందే తెలిస్తే ఏడుపు తగ్గుతుందా? మా వైపు ద్రౌపదమ్మ గుళ్ళలో ఏటా భారతం పెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడు మాను ఎక్కి తపస్సు చేస్తాడు. ఆఖరున మట్టితో చేసిన ఇంత పొడుగు దుర్యోధనుడు నేల మీద పడుకుని ఉంటే భీముడు తొడ పగలగొడతాడు, తర్వాత అగ్నిగుండం తొక్కుతారు. అభిమన్యుడు పద్మవ్యూహం నుంచి తిరిగిరాడని అవ్వకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఏటా ఏడుస్తూనే ఉంది. 2011లో కాలిఫోర్నియాలో ఇద్దరు పరిశోధకులు కథల ముగింపు ముందే చెప్పేసి చదివిస్తే, చదివినవాళ్ళకు కథలు ఇంకాస్త ఎక్కువ నచ్చాయి. తర్వాత వేరేవాళ్ళు చేస్తే ఫలితాలు అటూ ఇటూ వచ్చాయనుకోండి. ఏదేమైనా, ముగింపు చెప్పేశాడని బావ మీద చెల్లెలు వారం రోజులు అలిగిన సందర్భాలు మా ఇంట్లో ఉన్నాయి.

చెల్లెలి సంగతి వేరు. ఆమెకు మనసు లేక కాదు, ఆమె కథలోకి పోలేకపోయింది. 2000 సంవత్సరంలో గ్రీన్, బ్రాక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక కథ చదవమని ఇచ్చి, అబద్ధంలా తోచిన చోటల్లా సున్నా చుట్టమన్నారు. కథలో మునిగినవాళ్ళు చుట్టిన సున్నాలు తక్కువ, ఒడ్డున నిలబడ్డవాళ్ళు చుట్టినవి ఎక్కువ. చెల్లెలు రెండున్నర గంటలూ సున్నాలు చుడుతూనే ఉంది. పాతకాలపు ప్రేమకథలకు ఇదొక పరీక్ష. వాటిలో విలన్ దూరమే. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు కాచుకోవడం, జవాబు కోసం నెల ఎదురుచూడడం తెలిసినవాళ్ళకు ఆ దూరం నిజం. రెండు నీలం టిక్కులు రావడం ఆలస్యమైతేనే టెన్షన్ పడే పిల్లకు ఆ దూరం ఎక్కడినుంచి తెచ్చివ్వాలి? డైరెక్టర్ తెచ్చివ్వలేకపోయాడు. ఇందులో తప్పు ఆయనదే అని నా అభిప్రాయం. పాత కార్లు, పాత చీరలు చూపించాడు గానీ, కాచుకోవడం ఎంత పొడుగ్గా ఉంటుందో చూపించలేదు. ఆ నాలుగైదు సెకన్లు తప్ప.

అమ్మ ఏడుపుకు "ఆడవాళ్ళు సున్నితం" అని ఒక్క మాటతో తీర్పు చెప్పేస్తారు. పసివయసులో ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఏడుపులో పెద్దగా తేడా ఉండదు. 37 దేశాల్లో పెద్దవాళ్ళ ఏడుపు మీద జరిగిన అధ్యయనంలో ఆడవాళ్ళు ఎక్కువ ఏడుస్తారని తేలిన మాట నిజమే. కానీ డబ్బూ స్వేచ్ఛా ఎక్కువున్న దేశాల్లో ఆ తేడా తగ్గలేదు, ఇంకా పెరిగింది. హార్మోన్ల పాత్ర ఉంటే ఉండొచ్చు. ఏడ్చినా ఎవరూ ఏమీ అనరన్న ధైర్యం పాత్ర కూడా పెద్దదే అనిపిస్తుంది. ఇంకోటి గమనించాను. అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది చావు దగ్గర కాదు, ఏళ్ళు ఆలస్యంగా ఉత్తరం చేతికి అందే దగ్గర. 1979లోనే ఎఫ్రన్, స్పాంగ్లర్ అనే ఇద్దరు ఈ మాట అన్నారు, బిగువు పెరుగుతున్నంతసేపూ కన్నీళ్ళు రావు, అది సడలే క్షణంలో వస్తాయని. అందుకే పెళ్ళిలో అప్పగింతల దాకా బిర్రబిగుసుకుని తిరిగిన తండ్రి, బస్సు కదిలాక ఏడుస్తాడు.

మామకు ఆ సడలింపు లేదు. ఉబికినదాన్ని ముఖం మీద కనపడకుండా నొక్కిపెడితే ఏమవుతుందో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1997లో చూశారు. 180 మంది విద్యార్థినులకు సినిమా ముక్కలు చూపించి, కొందరిని ఏమీ బయటపడనివ్వొద్దన్నారు. వాళ్ళ ముఖాలు మామూలుగానే ఉన్నాయి, లోపలి దుఃఖం మాత్రం తగ్గలేదు. పైగా గుండె, రక్తనాళాల మీద ఒత్తిడి పెరిగింది. ఆ ప్రయోగంలో మామ వయసు మగవాళ్ళను ఎవరూ కూర్చోబెట్టలేదు గనక ఆయన విషయంలో అంతే అని ఢంకా బజాయించలేను. కానీ గొంతులో అడ్డుపడే ఉండ ఉంది చూశారూ, అది ఇలాంటప్పుడే. ఆందోళనలో ఊపిరి ఎక్కువ ఆడాలని గొంతు ద్వారం తెరుచుకుంటుంది, గుటక వేయాలంటే అది మూసుకోవాలి. రెండింటి మధ్య కండరాలు పెనుగులాడితే అక్కడ ఏదో ఉన్నట్టుంటుంది. ఆ ఉండ ఇంకా పెరగకముందే మామ లేచి బయటికి పోయాడు. లేని ఫోను ఎత్తడానికి.

బావ నవ్వును చూసి ముందు సీటాయన ఏమనుకున్నాడో గానీ, అది కూడా దుఃఖం దారి తప్పడమే కావచ్చు. ఎదుటి మనిషికి కరెంటు షాకులు ఇస్తున్నామని నమ్మించి స్టాన్లీ మిల్‌గ్రామ్ చేసిన ప్రసిద్ధ ప్రయోగం 1963లో అచ్చయింది. అందులో 40 మందిలో 14 మంది నవ్వారు. సరదాకు కాదు, ఆపుకోలేక. తర్వాత వాళ్ళే సిగ్గుపడ్డారు.

ఇక నా ఏడుపు. ఎదుటివాళ్ళ కన్నీళ్ళు మనకు అంటుకోవడానికి మిర్రర్ న్యూరాన్లే కారణమని చాలాచోట్ల చదివే ఉంటారు. ఒక పని మనం చేసినా, ఎదుటివాళ్ళు చేస్తుంటే చూసినా ఒకేలా స్పందించే మెదడు కణాలవి. అవి మొదట దొరికింది కోతుల మెదళ్ళలో. అక్కడినుంచి అవ్వ పక్కన కూర్చున్న నా దాకా గీత గీయడం తొందరపాటు. నాకు నమ్మకం కుదిరింది రాబర్ట్ ప్రోవిన్ 2009లో చేసిన చిన్న ప్రయోగం మీద. ఏడుస్తున్నవాళ్ళ ఫొటోల్లో కన్నీళ్ళను మాత్రం కంప్యూటర్లో చెరిపి చూపించాడు. ముఖం కండరాలన్నీ అలాగే ఉన్నాయి. అయినా చూసినవాళ్ళకు ఆ ముఖాల్లో దుఃఖం తగ్గింది. కొన్ని ఆశ్చర్యపోతున్నట్టు, కొన్ని అయోమయంలో ఉన్నట్టు కనిపించాయి. కన్నీరు కంటికోసమే కాదు, పక్కవాళ్ళకు వేసే ఉత్తరం కూడా. అవ్వ వేసింది, నాకు చేరింది.

మన ఆలంకారికులు ఇవన్నీ స్కానర్లు లేకుండా ఆలోచించారు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాల్లో, అంటే మనసులోది ఒంటి మీద తేలే గుర్తుల్లో, అశ్రువు ఒకటి. చూసేవాడికి సహృదయుడని పేరు పెట్టి, సగం పని అతని మీద పెట్టారు.

ఏడిస్తే మనసు తేలికపడుతుందా అన్నది మిగిలింది. నెదర్లాండ్స్‌లో వింగర్‌హూట్స్ బృందం 60 మందికి విషాదపు సినిమాలు చూపించింది. 28 మంది ఏడ్చారు, 32 మంది ఏడవలేదు. సినిమా అవగానే ఏడ్చినవాళ్ళ మనసు ఇంకా పాడయింది, ఏడవనివాళ్ళలో మార్పు లేదు. 20 నిమిషాలకు ఏడ్చినవాళ్ళు మామూలయ్యారు. 90 నిమిషాలకు సినిమాకు ముందుకంటే కూడా బాగున్నామన్నారు. తిరుపతి నుంచి చిత్తూరు దారి కూడా అటూ ఇటూగా అంతే. చంద్రగిరి దాటేదాకా కారులో మాట లేదు. గాదంకి దగ్గర అమ్మ చెనక్కాయల పొట్లం విప్పింది. పూతలపట్టులో టీకి ఆగేసరికి అవ్వ, ఆ హీరోయిన్‌కు జాకెట్టు కుట్టిన వాణ్ని తిడుతోంది.

అప్పుడు మామ అడిగాడు, గ్లాసులోకి చూస్తూ. "ఇంతకీ ఆఖర్న ఆ పిల్ల ఏమైందిరా?"

బావ చెప్పడం మొదలుపెట్టాడు, గుండు తడుముకుంటూ, హుషారుగానే. యుద్ధం చెప్పాడు, చావు చెప్పాడు. ఉత్తరం ఆమె చేతికొచ్చే చోటికి వచ్చి ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు మామ.

"టీ కాల్తాంది" అన్నాడు బావ.